ఎవరి పేరు మీద?

నియమాలను ప్రేమించేవాడు మనుషులను ప్రేమించలేడని లోకంలో ఒక గట్టి అభిప్రాయం ఉంది; మా చర్చిలో ఫాదర్ కూడా అప్పుడప్పుడు అదే చెబుతాడు. హృదయంలో చోటు తక్కువ అనీ, అందులో నియమాలు ఒకసారి సామాను దింపుకున్నాక మనుషులు వరండాలో పడుకోవలసిందేననీ దీని వెనక ఉన్న తర్కం. చాలాకాలం నేను దీన్ని కాదనలేదు. కాదనడానికి నా దగ్గర ఉదాహరణ లేదు. అవుననడానికి మాత్రం మా ఆఫీసులోనే ఒకటి ఉండేది. దాని పేరు తెలెస్ఫోరో గలిదో.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊళ్ళో, మా ఎండుచేపల కంపెనీలో ఆయన్ని అందరూ మానోంగ్ పొరోయ్ అనేవారు. మానోంగ్ అంటే అన్నయ్య. ఆయన కన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా కొందరు అలాగే పిలిచేవారు; ఆయన ముఖంలో చిన్నతనానికి ఆధారాలేవీ కనిపించకపోవడమే కారణం. ఆయనకున్న విపరీతం ఒకే ఒక్కటి. ఏ వస్తువు కదిలినా, ఏ పని మొదలైనా, "ఎవరి పేరు మీద?" అని అడిగేవాడు. ఎవరైనా కుర్చీ లాక్కుంటే, "ఎవరి పేరు మీద?" ఫ్యాను తమవైపు తిప్పుకుంటే, "ఎవరి పేరు మీద?" ఆయన చెంచాకు చుట్టూ బట్ట ప్లాస్టరు అంటించి దాని మీద తన పూర్తి పేరు రాసుకున్నాడు. పేరు పొడుగు కావడం వల్ల చెంచాలో పట్టుకోవడానికి మిగిలిన భాగం చాలా తక్కువ.

ఒకసారి ఆయన ఒక బిడ్డ బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. ఫాదర్ నీళ్ళ చెంబు ఎత్తి, "ఈ బిడ్డకు ఏ పేరు పెడుతున్నారు?" అని అడిగితే, పొరోయ్ పక్కనున్న నావైపు వంగి, "చూశారా మేడమ్ లూమెన్? ఇది పద్ధతి గల సంస్థ. ముందు పేరు, తరవాతే నీళ్ళు" అన్నాడు.

ఈ వెర్రికి ఒక వృత్తి కారణం ఉంది. మా కంపెనీ లెక్కా డొక్కా అంతా నడిచే సాఫ్ట్‌వేర్‌ని ఆయనే తయారుచేశాడు. పడవ నుంచి చేప దిగడం, ఉప్పులో మునగడం, ఎండడం, పెట్టె ఎక్కడం, అన్నీ మా పద్ధతికి తగ్గట్టు, మా మాటల్లోనే అందులో కుదిరాయి. అయితే ఆయన కట్టిన ఇల్లు అద్దె స్థలంలో ఉంది. అడుగున ఉన్న పునాది మనీలాలోని వేరే సంస్థది. దానికి ఏటా చందా కట్టాలి. చందా మనుషుల లెక్కన: ఒక్కో మనిషికి ఒక్కో పేరు, ఆ పేరుతో ఆ మనిషి ఒక్కడే లోపలికి వెళ్ళాలి. మనిషి మారితే పేరును ఇంకొకరికి మార్చుకోవచ్చు. ఒకే పేరును ఇద్దరు పంచుకోవడం మాత్రం కుదరదు. పంచుకున్నట్టు తేలితే స్థలం వాళ్ళు తాళం వేస్తారు, తాళం పడితే ఇల్లు ఎవరు కట్టారన్నది ఎవరూ అడగరు.

ఈ నియమాన్ని రాసినవాళ్ళు ఎన్నడూ ఇలోయిలోలో మధ్యాహ్నం గడిపి ఉండరు. ఇక్కడ గిన్నె మూత తీసినవాడు దారినపోయే ప్రతివాణ్ణీ "రండి, తిందాం" అని పిలవాలి. పిలవకుండా తిన్నవాడికి ఆ ముద్ద అరగదని మావాళ్ళ గట్టి నమ్మకం. అన్నమే పంచుకునేచోట పాస్‌వర్డ్ దాచుకోవడమేమిటి? అడిగితే ఇవ్వనివాడు పిసినారి. అందుకని మా ప్యాకింగ్ సూపర్‌వైజర్ బేబీ సుమగాయ్‌సాయ్ తన పాస్‌వర్డ్‌ను మంచినీళ్ళ డ్రమ్ము పైన గోడ మీద రాసిపెట్టింది. అది ఆమె కుక్క పేరు. మర్యాద కోసం చివర ఒక హృదయం బొమ్మ కూడా గీసింది.

ఒక ఉదయం పొరోయ్ ప్యాకింగ్ షెడ్డులోకి వచ్చాడు.

"బేబీ ఏది?"

"ప్రసూతి సెలవులో ఉంది కదా మానోంగ్. మగపిల్లాడు. అచ్చం వాళ్ళ నాన్నే" అన్నాడు లోడింగ్ చూసే ఆర్సెనియో.

"సంతోషం. మరి కంప్యూటర్లో నిన్న బేబీ రెండు లారీలు ఎక్కించినట్టుందే?"

"బేబీ మంచిది మానోంగ్. ఎవరడిగినా కాదనదు."

"ఎక్కించిందా లేదా?"

"అంటే… ఆమె కాదు, ఆమె పేరు ఎక్కించింది."

"పొద్దున తూకం వేసి, మధ్యాహ్నం లారీలు ఎక్కించి, సాయంత్రం పెట్టెలకు సీలు వేసి, నడుమ ఆసుపత్రిలో బిడ్డను కన్నది. ఇలాంటి మనిషికి కంపెనీ సన్మానం చెయ్యొద్దూ?"

"చేద్దాం మానోంగ్. వంట మేం చూసుకుంటాం" అన్నాడు ఆర్సెనియో, ఎంతో నిజాయితీగా.

ఆ రోజే గోడ మీద కుక్క పేరు చెరిగిపోయింది. హృదయం మాత్రం ఎంత రుద్దినా పోలేదు. ఆ తరవాత ఎవరి పేరుతో వాళ్ళే పనిచెయ్యాలని ఆజ్ఞ వెలువడింది. ఉన్న పేర్లు పంచితే ఆర్సెనియో దాకా రాలేదు. బేబీ సెలవు నుంచి తిరిగి వచ్చాక అతను లారీ నిండినప్పుడల్లా సంఖ్యలను అట్టముక్క మీద రాసుకుని, వాకిలి దాటి, బేబీ బల్ల దగ్గరికి నడిచివచ్చి ఆమె చేత ఎక్కించుకునేవాడు. మా దగ్గర వానాకాలం సుదీర్ఘం. తడిసిన అట్టముక్క మీద అంకెలు కూడా ఎక్కువకాలం ఉండవు.

"మానోంగ్, నీ గొడుగు ఒకసారి ఇస్తావా?" అని అడిగేవాడు ఆర్సెనియో తలుపు దగ్గర నిలబడి.

"ఎవరి పేరు మీద?"

"వాన పేరు మీద!" అని విసుక్కుని తడుస్తూ వెళ్ళిపోయేవాడు.

కొత్త పేర్లు అడుగుదామంటే మా యజమానురాలు మేడమ్ రెమెడియోస్‌కు ఒక నమ్మకం ఉంది. ఒప్పందం మీద సంతకం ఒకసారే పెట్టాలి. గడువు తీరకుండా అదే కాగితం మీద మళ్ళీ సంతకం పెడితే, మొదటి సంతకం నొచ్చుకుంటుంది. ఆ మాట ఆమె చాలా గంభీరంగా చెప్పేది. కనుక గడువు తీరేదాకా పేర్లు పెరగవు.

ఈ స్థితిలో సలూద్ అక్క సంగతి వచ్చింది.

సలూద్ దుమాంకాస్ మా నాణ్యత షెడ్డులో చేపల్ని వాసన చూసి మంచీ చెడూ తేల్చే మనిషి. ఆమె నోరు కూడా ముక్కంత చురుకైనదే. అప్పటిదాకా ఆమె తల ఊపితే సరుకు కదిలేది. కానీ బయటిదేశాల కొనుగోలుదార్లు ఒక కొత్త షరతు పెట్టారు: తల ఊపిన మనిషే సాఫ్ట్‌వేర్‌లో తన పేరుతో ఆమోదం తెలపాలి. పేరు లేని మనిషి ఆమోదం చెల్లదు. ఆమోదం చెల్లని మనిషికి ఆ షెడ్డులో పని లేదు. మిగిలిన పని ఎండబెట్టే మైదానంలో ఉంది, నడినెత్తిన సూర్యుడితో, రోజంతా వంగి. సలూద్ అక్క మోకాళ్ళు అప్పటికే చర్చిలో కూడా కూర్చునే ప్రార్థన చేస్తున్నాయి.

మేనేజరు విసెంతే సులువైన మార్గం చెప్పాడు. "బేబీ పేరుతో నొక్కిస్తే సరి. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరి పేరు మీద?" అన్నాడు పొరోయ్.

"ఇప్పుడే కదయ్యా చెప్పాను, బేబీ పేరు మీద!"

"వాసన చూసేది ఒకరు, పూచీ ఇంకొకరిదా? రేపు సరుకు పాడైతే పట్టుకునేది బేబీని. తనిఖీకి వచ్చినవాళ్ళు పసిగడితే పట్టుకునేది అందరినీ."

"మానోంగ్, ఒక ఆడమనిషి బతుకుతెరువు మాట ఇది. నీ పట్టీ మాట కాదు."

"రెండూ ఒకటే మాట" అన్నాడు పొరోయ్. ఆ వాక్యం ఆ క్షణంలో ఎంత మొరటుగా వినిపించిందంటే, షెడ్డులో పిల్లులు కూడా అక్కణ్ణుంచి లేచిపోయాయి.

సలూద్ అక్క నడుం మీద చెయ్యి వేసుకుంది. "పొరోయ్, నీ ఒంట్లో రక్తం పారుతోందా, కరెంటా?"

"సోమవారం చూద్దాం అక్కా" అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం కంపెనీ చరిత్రలో మొదటిసారి ఒక మనిషిని ఎవరూ భోజనానికి పిలవలేదు. గిన్నెల మూతలు తెరుచుకున్నాయి, పులుసు వాసన గది నిండింది, పొరోయ్ వాటి పక్కగా నడిచి వెళ్ళాడు. ఒక్క గొంతూ "రండి, తిందాం" అనలేదు. మా ఊళ్ళో ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఆయన మూలన కూర్చుని, పేరు రాసిన చెంచాతో, తన పేరు మీద తాను తిన్నాడు.

సోమవారం వచ్చేసరికి సలూద్ అక్కకు పేరు వచ్చింది. తెర మీద పూర్తి పేరు, తప్పుల్లేకుండా. మేడమ్ రెమెడియోస్ మనసు కరిగి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆమె కోసం ఒక పళ్ళెం బియ్యప్పిండి పిట్టు పంపించారు. ఎందుకొచ్చిందో తెలియకపోయినా ఆమె దాన్ని తినేసింది. పొరోయ్‌ను మెచ్చుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆయనకూ తోచినట్టు లేదు.

ఆ తరవాతే ఆయనలో కొత్త జబ్బు బయటపడింది. కీబోర్డు ముట్టుకోవడం మానేశాడు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా వస్తాడు, చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ వెనక నిలబడతాడు, "నువ్వే నొక్కు" అంటాడు. మెడ మీద ఆయన ఊపిరి తగులుతూ ఉంటుంది.

అందరిలోకీ ఎక్కువ బాధ నాది. నేను కొనుగోళ్ళు చూస్తాను: ఉప్పు, అట్టపెట్టెలు, తాడు. ఆ సోమవారానికి ముందే ఒకరోజు ఆయన నా గదికి వచ్చి, "మేడమ్ లూమెన్, మీ పేరుకు ఇంకో రెండు తాళంచెవులు తగిలిస్తున్నాను. అభ్యంతరమా?" అన్నాడు. తాళంచెవుల వల్ల నష్టమేమిటని సరేనన్నాను. అప్పటినుంచి వారంలో సగం రోజులు నా వెనకే.

"పైన ఎడమవైపు నొక్కండి."

"నొక్కాను."

"అది కుడివైపు మేడమ్."

"మీరు ఎదురుగా నిలబడితే ఎడమ అయ్యేది. పోనీ మీరే నొక్కరాదూ?"

"మీరే నొక్కాలి."

"మీ వేళ్ళు అరిగిపోతాయా?"

"కిందికి రండి. ఇంకా కిందికి. మేడమ్, ఆ చెత్తబుట్ట బొమ్మ మీద నుంచి మెల్లగా పక్కకు జరగండి. దయచేసి."

ఆ "దయచేసి"లో నేను ఒక మనిషి ప్రాణభయాన్ని విన్నాను. అయినా చేతులు వెనకనుంచి విడిపోలేదు. దీనికి ఆఫీసు ఇచ్చిన వివరణ అహంకారం. తాను కట్టిన ఇంట్లో తానే పని చేస్తే పరువు తక్కువ కాబోలు అన్నాడు విసెంతే. మరింత మెరుగైన వివరణ దొరకక నేనూ దాన్నే అట్టే పెట్టుకున్నాను.

ఒప్పందం గడువు దగ్గరపడింది. పునాది సంస్థ తనిఖీకి మనిషిని పంపింది. ఓదెత్ అనే ఆవిడ, చేతిలో పట్టీ, ముఖంలో ఏ భావమూ లేదు. తప్పు కనబడితే ఏమవుతుందని విసెంతే భయంభయంగా అడిగాడు.

"పేర్లు రద్దు చేస్తాం. చివర చేర్చినవాటితో మొదలుపెడతాం."

చివర చేర్చినది సలూద్ అక్క పేరే. ఆ మాట విని ఆమె శిలువ గుర్తు వేసుకుంది. తరవాత పొరోయ్ వైపు చూసి, సరిపోదనిపించిందేమో, ఇంకోసారి వేసుకుంది.

ఓదెత్ పద్ధతి బడిలో హాజరు లాంటిది. పేరు చదువుతుంది, ఆ పేరు గల మనిషి లేచి నిలబడాలి. బేబీ లేచింది, చంకలో బిడ్డతో. "ఒకరే కదా?" అంది ఓదెత్. "వీడికింకా పాస్‌వర్డ్ లేదు మేడమ్" అంది బేబీ. సలూద్ అక్క వంతు వచ్చింది. "ఇక్కడే ఉన్నాను, ముక్కుతో సహా." ఓదెత్ పెదవి కొద్దిగా కదిలిందనిపించింది. పట్టీ చివరికి వచ్చింది.

"అన్ని అధికారాలూ ఉన్న పేరు: ఇల్యుమినాదా."

అది నా పూర్తి పేరు; నేను లేచాను. నాకు ఏ అధికారాలు ఉన్నాయో అప్పుడే తెలిసింది.

"మీరు ఇంజినీరా?"

"ఉప్పు కొంటాను."

"మరి ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది?"

తలలన్నీ మూలకు తిరిగాయి. పొరోయ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఓదెత్ పట్టీని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"మీ పేరు ఇందులో లేదు."

"లేదు."

"రోజూ ఇందులో పనిచేస్తారని విన్నాను. ఎవరి పేరు మీద?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. ఇన్నేళ్ళుగా మేమందరం జవాబు చెప్పలేక నలిగిన ప్రశ్న అది. ఇప్పుడు వచ్చినచోటికే తిరిగివచ్చింది. ఆయన మాత్రం దాన్ని చాలా బాగా అడిగిన ప్రశ్నగా తీసుకున్నాడు. ముఖంలో మర్యాద కూడా కనిపించింది.

"ఎవరి పేరు మీదా కాదు మేడమ్. తయారుచేసే పనంతా నా యంత్రంలో సరిచూసుకోవడానికి పెట్టుకున్న దాని నకలులో చేస్తాను. దానికి మీ ఒప్పందం పేరు అడగదు. అసలుదానిలో మార్పు వెయ్యాల్సి వస్తే ఆ అధికారం ఉన్న ఈమె వేస్తారు. నేను వెనక నిలబడతాను. నిలబడడానికి పేరు అక్కర్లేదు. మీ షరతులన్నీ చదివాను."

"చెప్పి చేయించడం కూడా వాడకమే అంటే?"

"ఈమె వద్దంటే ఆగిపోతుంది. రెండుసార్లు వద్దన్నారు."

ఓదెత్ నావైపు తిరిగింది. "ఎందుకు వద్దన్నారు?"

"భోజనం వేళైంది" అన్నాను.

ఆమె ఆ జవాబును కూడా రాసుకుంది. "మీకు మొదట్లో పేరు ఉండేది కదా. ఏమైంది?"

"మనిషి మారితే పేరు మార్చుకోవచ్చని మీరే రాశారు. నేను బయటికి వచ్చాను, ఇంకొకరు లోపలికి వెళ్ళారు. ఒక రోజు కూడా ఇద్దరం కలిసి లోపల లేము."

"ఎవరికి మార్చారు?"

పొరోయ్ తన బూట్ల వైపు చూశాడు. అంత పద్ధతి గల మనిషి ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవడం అదే మొదలు. ఓదెత్ తన పట్టీలోనే చూసుకుంది, తరవాత తల ఎత్తి నాణ్యత షెడ్డువాళ్ళ వైపు చూసింది. సలూద్ అక్కకు ఆ చూపు చాలింది.

"పొరోయ్, నాకిచ్చింది నీదా?"

"కంపెనీది అక్కా. నా దగ్గర ఉండేది."

"పిట్టు ఆవిడకు పంపామే!"

మేడమ్ రెమెడియోస్ కుర్చీలో కదిలింది. "బాగుందని చెప్పాను కదా" అంది.

ఓదెత్ ఒక్క షరతు పెట్టింది. ఏదైనా ఒక చిన్న మార్పు తన కళ్ళముందు వేసి చూపించాలి. నేను కూర్చున్నాను, ఆయన వెనక నిలబడ్డాడు. కావాలని కాదు గానీ, ఆరోజు నేను నా జీవితంలోనే అతి చెత్తగా నొక్కాను. ఎడమ అంటే కుడి, పైన అంటే కింద. ఒకచోట నా వేలు ఆ చెత్తబుట్ట బొమ్మ మీద ఆగింది. పొరోయ్ నుదుటి మీద చెమట పట్టింది, భుజాలు రెండూ ముందుకు వచ్చాయి. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. ఒక చెయ్యి ఇంకో చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది. ఓదెత్ తెర వైపు చూడలేదు, ఆ మణికట్టు వైపే చూసింది. మార్పు పడకముందే కలం మూసి, "చాలు" అంది.

ఒక్క పేరూ రద్దు కాలేదు. సలూద్ అక్క ముక్కు ఆ షెడ్డులోనే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెల మూతలు తెరుచుకోగానే ఆమె గొంతు లోడింగ్ దాకా వినిపించింది. "పొరోయ్! రా, తిందాం!"

ఆయన తలుపు దగ్గర ఆగి, పళ్ళెంలో వేరుగా తీసిపెట్టిన చేప ముక్కను చూశాడు. "ఎవరి పేరు మీద?"

"నీ పేరు మీదేరా, కూర్చో" అంది సలూద్ అక్క. ఆయన కూర్చున్నాడు. చెంచా తెచ్చుకోవడం మరిచిపోయి చేత్తో తిన్నాడు.

ఆయన కరుణామయుడని నేను అనను, ఆయనే ఒప్పుకోడు. ఒక పేరు మీద ఒక మనిషే ఉండాలన్న నియమాన్ని ఆయన ఒక్కనాడూ సడలించలేదు. దాన్ని నిలబెట్టడానికి ఎవరో ఒకరు బయటికి రావలసి వస్తే, ఆ ఎవరో తాను అయ్యాడు, అంతే. లోకాభిప్రాయాన్ని కొట్టివేయడానికి ఒక్క ఉదాహరణ చాలదని నాకు తెలుసు. కానీ చర్చిలో ఫాదర్ ఆ అభిప్రాయాన్ని మళ్ళీ చెప్పినప్పుడు, ఈమారు నేను తల ఊపలేదు.

ఒప్పందం గడువు తీరి కొత్తది రాసినప్పుడు మేడమ్ రెమెడియోస్ కొత్త సంతకంతో పాటు ఒక పేరు అదనంగా చేర్చింది. పొరోయ్‌ను పిలిచి, అది ఆయనకేనని, ఇకనైనా తన ఇంట్లో తాను అడుగుపెట్టమని చెప్పింది. ఆయన కృతజ్ఞతలు చెప్పి కాగితం తీసుకుని బయటికి వచ్చాడు. అప్పుడు వాన పడుతోంది. వాకిలికి అవతల ఆర్సెనియో తడిసిన అట్టముక్కను చొక్కా కింద దాచుకుని బేబీ బల్ల వైపు పరుగెత్తుకొస్తున్నాడు.

పొరోయ్ ఆ పేరును ఆర్సెనియోకు ఇచ్చాడు. లోడింగ్ షెడ్డులో ఒక పాత కంప్యూటరు పెట్టించాడు. తరవాత నా గదికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, నా కుర్చీ వెనక నిలబడ్డాడు.